గాజుతొట్టెలో కంకర తీసి ఇసుక పరచుట

చేపల గాజుతొట్టె ముందు నిలిచిన వారి చూపు మొదట చేపల మీదకు పోవును; పిదప పచ్చని మొక్కల మీదకు, ఆ పిదప వరుసగా పైకి లేచు గాలి బుడగల మీదకు. తొట్టె అడుగున పరచిన దానిని చూచువారు అరుదు. చూచినను, అది గదిలో పరచిన తివాచీ వంటిదనియు, రంగు నచ్చకున్న తీసివేసి మరియొకటి పరచవచ్చుననియు తలంతురు. అంగళ్ళలో నీలము, గులాబి, పసుపు రంగులు పూసిన కంకర అమ్ముడుపోవుటకు ఈ తలంపే కారణము. మా అభిప్రాయము వేరు. తొట్టె అడుగు అలంకారము కాదు. అది ఒక ఊరు. కంటికి కానరాని కోట్ల జీవులు ఆ రాళ్ళ మీద కాపురముండి, చేపలు విడిచిన మలినమును రేయింబవళ్ళు శుద్ధి చేయుచున్నవి. కావున కంకర తీసి ఇసుక పరచుట తివాచీ మార్చుట వంటిది కాదు, ఊరు తరలించుట వంటిది. మధ్య మానేరు జలాశయము క్రింద ఇండ్లు వాకిళ్ళు విడిచి వచ్చిన కుటుంబములు మన చుట్టుప్రక్కల అనేకము కలవు. ఊరు తరలించుట యనగా ఏమో మన విద్యార్థులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రస్తావన ఇప్పుడు ఏల వచ్చెననగా, మన కళాశాల ప్రయోగశాలలోని మూడడుగుల తొట్టెలో కంకర మార్చి ఇసుక వేయవలెనని విద్యార్థులు కోరిరి. గడచిన వానకాలమున వారు మూలవాగు నుండి కొన్ని ఉలిశలను, వేలెడేసి ఇసుకదొందులను తెచ్చి అందులో విడిచిరి. వాగులో మెరుపువలె కదలిన ఆ చేపలు తొట్టెలోనికి వచ్చినది మొదలు ఒక మూలకు చేరి, నీలిరంగు కంకర మీద బిక్కుబిక్కుమని కూర్చున్నవి. కోరిక సమంజసమే. అయితే "ఒక ఆదివారము పూట కంకర ఎత్తివేసి, రెండు బకెట్ల ఇసుక కుమ్మరించిన చాలును" అన్న సూచన కూడ వినవచ్చినది. అట్లు చేసినచో వారము తిరుగక మునుపే చేపలు వెల్లకిల తేలుట మిక్కిలి సంభవము. ఆ పని ఎట్లు చేయవలెనో, ఏల అట్లే చేయవలెనో విద్యార్థులకును, ఖర్చు మంజూరు చేయు కళాశాల సంఘము వారికిని విన్నవించుకొనుచున్నాము.

మనది రెండు భాషల సంచిక గనుక మాటలతో ప్రారంభించుట తప్పు కాదు. ఉర్దూ విభాగము వారు రేత్ అందురు. మనము ఇసుక యందుము. పాత కావ్యములలో ఇసుము, సైకతము అను రూపములు కనబడును. కంకర మాత్రము ఇరు భాషల వారికిని ఉమ్మడి సొత్తు. వాడుకలో ఇసుకకును కంకరకును నడుమ హద్దు కంటి అంచనాయే. భూవిజ్ఞానులు మాత్రము హద్దురాయి పాతియున్నారు. 1922లో అమెరికా భూవిజ్ఞాని వెంట్‌వర్త్ ప్రకటించిన కొలతల ప్రకారము రెండు మిల్లీమీటర్లకు మించిన రేణువు కంకర జాతిది. అంతకు తక్కువై మిల్లీమీటరులో పదునారవ వంతు వరకు ఉన్నది ఇసుక. అంతకును సన్ననిది ఒండ్రు, ఆ పిదప బంకమన్ను. తొట్టెకు తగినది అర మిల్లీమీటరు మొదలు ఒక మిల్లీమీటరు వరకు గల ఇసుక. చక్కెర పలుకు అంతటి రేణువు అని గుర్తుంచుకొనిన చాలును.

మన ప్రాంతపు వాగులలో ఇట్టి ఇసుకకు కొదువ లేదు. కోనరావుపేట నేల నల్లరాతి, ఎర్రరాతి గ్రానైటు నేల. ఆ బండలు ఎండకు పగిలి, వానకు నాని, ముక్కలై, వాగులలో దొర్లి దొర్లి ఇసుకయైనవి. అందులో అధిక భాగము స్ఫటిక రేణువులు, కొంత ఫెల్‌స్పార్, అక్కడక్కడ ఎండకు తళుక్కుమను అభ్రకము. స్ఫటికము నీటిలో కరగదు, నీటి గుణమును మార్చదు. నిమ్మపల్లి మీదుగ వచ్చి వేములవాడ వైపునకు సాగు మూలవాగు పరుపంతయు ఇట్టి ఇసుకయే గనుక, అందు పుట్టిన చేపలు యుగయుగములుగ ఆ ఇసుకకు తగిన దేహములను పొందియున్నవి. ఇసుకదొందిని చూడుడు. దాని మేని మచ్చలు తడి ఇసుక రంగువే. కడుపు క్రింది రెండు రెక్కలు కలిసి గిన్నెవలె ఏర్పడగా, వాటిని ఆనుకొని అడుగున కదలక పడియుండును. ఎర దగ్గరకు వచ్చిన క్షణమున ఎగిరి పట్టును. బొమ్మిడాయి ఇసుకలో దేహమంతయు దూర్చి మూతి మాత్రము బయటకు చాచి యుండును. ఉలిశ నోటి చుట్టు చిన్న మీసములు గలవు. అవి దానికి వ్రేళ్ళు, నాలుక కూడ. వాటితో ఇసుకను తడిమి పురుగులను వెదకికొనును, నోటితో ఇసుకను తీసుకొని మొప్పల వెంట విడుచును, బెదరినచో క్షణములో ఇసుకలో మాయమగును.

ఇట్టి చేపకు పదునైన కంకర అడుగు ఎట్టిదో ఊహించుకొనవచ్చును. తడిమిన ప్రతిసారి మీసములు గీసుకొనును. కంకర సందులలో కుళ్ళిన మేత వలన ఆ గాట్లకు సూక్ష్మజీవులు సోకును. క్రమక్రమముగ మీసములు అరిగి మొండి యగును. మీసములు లేని ఉలిశ మేత ముందున్నను కనుగొనజాలక చిక్కిపోవును. దక్షిణ అమెరికా నుండి వచ్చి మన పట్టణముల అంగళ్ళలో విరివిగ అమ్ముడగు కోరిడోరస్ చేపలకును ఇదే బాధ. బంగారు చేపలు కూడ అడుగును నోటితో తవ్వునవే. వాటి నోటికి సరిగ్గా సరిపోవు గులకరాయి ఒక్కొక్కప్పుడు గొంతులో ఇరుకుకొనును. కంకర మార్చవలెనన్న కోరికకు బలమైన కారణము ఇది. అందము కొరకని మాత్రము ఎవరును ఈ శ్రమకు పూనుకొనరాదు.

ఇక కనబడని ఊరి సంగతి. చేప తిన్న మాంసకృత్తులలోని నత్రజని చాల వరకు మొప్పల ద్వారా అమోనియా రూపమున నీటిలోనికి విడువబడును. తిని మిగిలిన మేత, రాలిన ఆకులు కుళ్ళినను అమోనియాయే పుట్టును. వాగులో ఐన ప్రవాహము దానిని కొనిపోవును. నాలుగు గాజు పలకల నడుమ అది ఎక్కడికి పోవును? దానిని తిని బ్రతుకు సూక్ష్మజీవులు రెండు తెగలు. మొదటి తెగ అమోనియాను నైట్రైటుగ మార్చును. రెండవ తెగ నైట్రైటును నైట్రేటుగ మార్చును. మొదటి రెండును చేపలకు విషములు. నైట్రేటు కొంత మేరకు సహింపదగినది, మొక్కలకు ఎరువు. ఈ జీవుల రహస్యమును 1890 ప్రాంతమున వెలికి తీసినవాడు రష్యా దేశపు సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు వినొగ్రాడ్‌స్కీ. చాల కాలము పుస్తకములలో రెండవ తెగకు నైట్రోబాక్టర్ అని పేరు వ్రాయబడినది. గాజుతొట్టెలలో ఆ పని చేయునది ముఖ్యముగ నైట్రోస్పైరా జాతి యని 1998లో పరిశోధకులు నిరూపించిరి. పాత పాఠ్యపుస్తకము చదివిన వారు ఈ మార్పును గమనింపవలెను.

మన పనికి ముఖ్యమైన విషయములు రెండు. ఈ జీవులు నీటిలో తేలియాడుట తక్కువ. గట్టి వస్తువుల ఉపరితలమున జిగురు పొరలో అంటుకొని జీవించును. కావున నీరు మార్చినను ఊరు చెడదు, రాళ్ళు తీసివేసిన చెడును. రెండవది, వీటి వృద్ధి మిక్కిలి మందము. పాలను పులియబెట్టు సూక్ష్మజీవులు ఒక్క రాత్రిలో గిన్నెడు పెరుగు చేయగలవు. నైట్రీకరణ జీవులు ఒకటి రెండగుటకు సుమారు ఒక దినము పట్టును. కొత్త తొట్టెలో వీటి జనాభా కుదురుకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు కావలెను. ఆదివారము కంకర ఎత్తివేసినచో సోమవారము నాటికి చేపలు మాత్రము మిగులును, పనివారు మిగులరు.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. ఇసుక రేణువు చిన్నది గదా, చిన్న రేణువులకు మొత్తము ఉపరితలము ఎక్కువ గదా, అట్లయిన ఇసుకలో ఈ జీవులకు మరింత చోటు దొరకదా? లెక్క సరియైనదే. ఒక సెంటీమీటరు ఘనమునకు ఉపరితలము ఆరు చదరపు సెంటీమీటర్లు. దానినే ఒక్కొక్క మిల్లీమీటరు ఘనములుగ కోసినచో వేయి ముక్కలగును, వాటి మొత్తము ఉపరితలము అరువది చదరపు సెంటీమీటర్లగును. చోటు పది రెట్లు పెరిగినది. కాని ఈ పనివారికి చోటుతో బాటు ప్రాణవాయువు కావలెను. కంకర సందులలో నీరు ధారాళముగ పారును, ఇసుకలో పారదు. ఇసుక పరుపులో పై పొర మాత్రమే ఊపిరి పీల్చును, లోపలి ఇండ్లు ఖాళీయే. కావున ఇసుక పరచిన తొట్టెలో శుద్ధి భారము అడుగు మీద ఉండరాదు, వేరొక సాధనము మీద ఉండవలెను.

మన ప్రయోగశాల తొట్టెలో ఈ విషయము మరింత ముఖ్యము. అందులో కంకర క్రింద రంధ్రముల పలక ఒకటి కలదు. గాలి పంపు వలన నీరు కంకర గుండా క్రిందికి దిగి గొట్టముల ద్వారా పైకి వచ్చును. అనగా ఆ కంకరయే ఫిల్టరు. ఇసుక వేసినచో రేణువులు రంధ్రములను మూసివేయును, లేదా పలక క్రిందికి జారి గుట్టపడును. కావున పలకను తీసివేయక తప్పదు. కంకర తీసి, పలకయు తీసినచో శుద్ధి యంత్రము సమూలముగ పోయినట్లే. దానికి బదులు ముందుగనే స్పాంజి ఫిల్టరు అమర్చవలెను. అదే గాలి పంపునకు తగిలింపవచ్చును. కళాశాల సంఘము వారు మంజూరు చేయవలసిన ప్రధాన వస్తువు ఇది. ఇసుకకు రూపాయి ఖర్చు లేదు.

ఇసుకకు శుద్ధి గుణము లేదని మాత్రము ఎవరును భావింపవలదు. నీటిని దాని గుండా నెమ్మదిగ దించిన యెడల అంతటి శోధకము మరియొకటి లేదు. ఎండకాలమున వాగు ఇసుకలో చెలిమె తవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడి త్రాగిన పెద్దలు మన ఊళ్ళలో ఇంకను ఉన్నారు. పైన మురికి గుంటయున్నను చెలిమెలో నీరు తేటగ ఉండుట వారు చూచినదే. నీరు దొరకని చోట నమాజునకు ముందు పరిశుద్ధమైన మట్టితో, ఇసుకతో తయమ్ముమ్ చేయుట మాకు విధింపబడిన ఆచారము. అది ఆత్మశుద్ధికి సంబంధించినదైనను, ఇసుకను శుభ్రమైన వస్తువుగ ఎంచిన దృష్టి అందులోను కలదు. ఇంజనీర్లు ఈ గుణమును 1829లో లండను నగరమున పెద్ద ఎత్తున వినియోగించిరి. చెల్సీ నీటి సంస్థకై జేమ్స్ సింప్సన్ ఇసుక పరుపులు నిర్మించెను. జర్మనీలో 1892లో జరిగిన ఉదంతము దీనికి గొప్ప సాక్ష్యము. హాంబర్గు నగరము ఎల్బే నది నీటిని వడపోయకయే త్రాగెను. దాని ప్రక్కనే, ఒక వీధి అంతరముతో ఉన్న ఆల్టోనా పట్టణము అదే నదిలో హాంబర్గు మురుగు కలిసిన దిగువ నీటిని ఇసుక పరుపులలో వడపోసి త్రాగెను. కలరా వచ్చి హాంబర్గులో ఎనిమిది వేలకు పైగా ప్రాణములను బలిగొనగా, ఆల్టోనా చాల వరకు బయటపడెను. కాపాడినది ఇసుక రేణువులే కాదు, వాటి పై పొరలో పెరిగిన సూక్ష్మజీవుల జిగురు తెర. మన హైదరాబాదులోను 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగర్ నీరు ఆసిఫ్ నగరు ఫిల్టరు బెడ్లకు చేరి శుద్ధియై నగరమునకు అందినది. తొట్టెలో పరచిన ఇసుక గుండా నీరు దిగదు గనుక ఈ గుణము అక్కడ పై పొరకే పరిమితమగును. అంతే భేదము.

ఇసుక ఎక్కడిది తేవలెను? ఇండ్ల నిర్మాణమునకు ఇప్పుడు విరివిగ వాడు యంత్రపు ఇసుక పనికిరాదు. అది క్రషరులో పగిలిన రాయి, అంచులు వాడియైనవి, రాతి పిండి ఎక్కువ. మొరము అసలే పనికిరాదు. అందలి ఎర్రమన్ను నెలల తరబడి నీటిని కలచుచునే యుండును. సముద్రపు ఇసుకలో గవ్వల పొడి ఉండుటచే నీటి కాఠిన్యము పెరుగును. మన బోరు నీరు ముందే కఠినజలము. అనుమానమున్నచో చారెడు ఇసుక మీద వెనిగరు గాని నిమ్మరసము గాని పిండి చూడవచ్చును; బుసబుస పొంగినచో సున్నము కలదని అర్థము. అంగళ్ళలో ప్లాస్టికు సంచులలో కట్టి అమ్ము ఇసుక తరచుగ వాగు ఇసుకయే, ధర మాత్రము బియ్యపు ధరతో పోటీపడును. అది ఇసుక తక్కెడ పేడ తక్కెడ బేరము.

కావున వాగు ఇసుకయే శ్రేష్ఠము. అయితే చోటు చూచి తీయవలెను. బట్టలుదుకు రేవుల దిగువను, పత్తి, వరి పొలముల నుండి మందు నీరు వచ్చి కలియు కాలువల దిగువను, రంగుల పని జరుగు పట్టణముల దిగువను తీయరాదు. ప్రవాహము తగ్గిన పిదప, వాగు నడుమ, పై పొర తొలగించి తీసిన ఇసుక మేలు. మన తొట్టెకు ఎంత కావలెను? పొడవు 90, వెడల్పు 30 సెంటీమీటర్లు. మందము రెండున్నర సెంటీమీటర్లు. గుణించిన 6,750 ఘన సెంటీమీటర్లు, అనగా ఏడు లీటర్లకు కొంచెము తక్కువ. లీటరు పొడి ఇసుక సుమారు కిలోన్నర పైచిలుకు తూగును గనుక మొత్తము పదకొండు కిలోలు. కడుగుటలో పోవునది కలిపి పదమూడు కిలోలు తెచ్చిన చాలును. ఒక విద్యార్థి సైకిలు మీద తేగలడు. ట్రాక్టరు అవసరము లేదు. ఇసుక తీయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము కట్టుబాట్లు విధించినది. వాగు ఇసుక అడుగంటిన చోట బావులు ఎండుట మన రైతులు చూచుచున్నదే. పదమూడు కిలోలతో వాగు తరుగదు, నిజమే. కాని ఇసుక రేణువుల నడుమ నిలిచిన నీరే చెలిమెలకు, బావులకు ప్రాణమని ఈ సందర్భమున విద్యార్థులు తెలిసికొనుట మంచిది.

కడుగుట విసుగు కలిగించు పని. సగము బకెట్టు ఇసుకలో నీరు పోసి, చేతితో గట్టిగ పిసికి, కలచి, మురికి నీటిని వంచివేయవలెను. పది పదునైదు మారులు చేసిన గాని నీరు తేటపడదు. సబ్బు తగులరాదు. పిదప మరిగిన నీటితో ఒకమారు తడిపి, ఎండలో ఆరబెట్టిన యెడల వాగు పురుగులు, జలగ గ్రుడ్లు నశించును. ఇక్కడ తొందరపడిన వారి తొట్టె వారము దినములు పాలవలె కనబడును.

ఇక ఊరు తరలింపు. స్పాంజి ఫిల్టరును కంకర కదల్పక ముందే ఆరు వారములు తొట్టెలో నడిపింపవలెను. ఈ లోపల కంకర మీది జీవుల సంతతి కొంత స్పాంజిలో కాపురము పెట్టును. పిదప కంకరను ఒక్కమారుగ గాక మూడు భాగములుగ, వారమునకొక భాగము చొప్పున తీయవలెను. తీసిన కంకరలో కొంత దోమతెర గుడ్డ సంచిలో కట్టి, తొట్టెలోనే ఫిల్టరు ప్రక్కన వ్రేలాడదీయవలెను. పాత ఊరి నుండి కొందరిని వెంట తెచ్చుట వంటిది ఇది. నెల దినముల పిదప ఆ సంచిని తీసివేయవచ్చును. కంకర ఎత్తునపుడు ఏండ్ల తరబడి సందులలో పేరుకొనిన మడ్డి లేచి నీరు నల్లబడును. కావున ముందుగ రబ్బరు గొట్టముతో ఆ భాగపు మడ్డిని పీల్చి బయటకు పంపవలెను. చివరి భాగము తీసి పలక ఎత్తు దినమున మాత్రము చేపలను తొట్టె నీటితోనే నింపిన బకెట్టులో ఉంచి, మూత వేసి, గాలి గొట్టము పెట్టుట క్షేమము. పలక క్రింద దాగిన మడ్డిని చూచిన వారు ఇన్నాళ్ళు చేపలు ఎట్లు బ్రతికినవో యని ఆశ్చర్యపడుదురు.

ఇసుకను పొడిగ వేయరాదు. పొడి రేణువుల చుట్టు గాలి పొర ఉండుటచే కొంత ఇసుక నీటి మీద తెట్టెగట్టి తేలును. తడిపిన ఇసుకను గిన్నెతో ముంచి, గిన్నెను అడుగు వరకు దించి, అక్కడ నెమ్మదిగ ఒరిగింపవలెను. ఒకవైపు కంకర, ఒకవైపు ఇసుక ఉన్న వారములలో నడుమ ఒక గాజు పట్టీ నిలువుగ పెట్టినచో రెండును కలియవు. మోటారుతో నడుచు ఫిల్టరు ఉన్నవారు ఇసుక వేయునపుడు దానిని ఆపి, నీరు తేరిన పిదపనే నడుపవలెను; రేణువు లోపల చేరినచో చక్రము అరిగిపోవును.

పని ముగిసిన పిదప మూడు వారములు పరీక్షా కాలము. మేత సగమునకు తగ్గింపవలెను. చేప తక్కువ మేతకు చావదు, ఎక్కువ అమోనియాకు చచ్చును. రెండు దినములకొకమారు అమోనియా, నైట్రైటు పరీక్షలు చేయవలెను. రసాయన శాస్త్ర విద్యార్థులకు ఇంతకు మించిన ప్రయోగము దొరకదు. అమోనియా విషము నీటి క్షారతను బట్టి మారును. 25 డిగ్రీల వద్ద పి.హెచ్. 7 గల నీటిలో మొత్తము అమోనియాలో విషరూపము నూటికి ఒక వంతు కూడ ఉండదు, పి.హెచ్. 8 అయినచో నూటికి ఐదు వంతులు దాటును. వేడి పెరిగినను పెరుగును. మన బోరు నీరు క్షారము, మన వేసవి ప్రచండము. పైగా 20 డిగ్రీల నీటిలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలువగలుగగా 35 డిగ్రీల వద్ద ఏడు మాత్రమే నిలుచును. అందుచేత ఈ పనికి ఏప్రిల్, మే నెలలు పనికిరావు. వాగు తేటపడి చలి ఇంకను ముదరని నవంబరు మాసము తగినది.

నైట్రైటు పెరిగిన లక్షణము చేప మొప్పలలో కనబడును. రక్తములోని వర్ణకము ప్రాణవాయువును మోయజాలని రూపమునకు మారుటచే మొప్పలు ఎరుపు వీడి గోధుమ రంగునకు తిరుగును. చేపలు పైకి వచ్చి నోరు తెరచి మూసికొనుచుండును. అట్టి సమయమున తొట్టె నీటిలో నాలుగవ వంతు మార్చి, పది లీటర్లకు ఒక గ్రాము చొప్పున వంట ఉప్పు కలుపుట ఉపకారము. ఉప్పులోని క్లోరైడు మొప్పల వద్ద నైట్రైటు ప్రవేశమును అడ్డగించును. మార్చు నీరు మిషన్ భగీరథ నల్లా నీరైనచో అందు క్లోరిను ఉండును. క్లోరిను మన ఆరోగ్యమునకు రక్ష, స్పాంజిలోని జీవులకు మృత్యువు. వెడల్పు మూతి గల పాత్రలో ఒక దినము ఉంచిన పిదపనే పోయవలెను. స్పాంజిని పిండి కడుగవలసివచ్చినను తొట్టె నుండి తీసిన నీటిలోనే పిండవలెను గాని నల్లా క్రింద పట్టరాదు. ఆరు వారముల శ్రమ అర నిమిషములో నల్లా క్రింద కొట్టుకొనిపోవును.

ఇసుక మందము గురించి ఒక హెచ్చరిక. రెండు మూడు సెంటీమీటర్లకు మించనీయరాదు. మందమైన పరుపు అడుగున ప్రాణవాయువు చేరక, అది లేకయే జీవించు మరియొక తెగ సూక్ష్మజీవులు చేరును. నల్లని మచ్చలు ఏర్పడును. కదల్చినచో కుళ్ళిన గ్రుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు వెలువడును. అది విషవాయువు. వారమునకొకమారు సన్నని పుల్లతో ఇసుకను పైపైన కెలికిన చాలును. ఉలిశలు ఆ పని సగము తామే చేయును. మన చెరువులలో దొరకు, శంఖువలె మొన దేలిన చిన్న నత్త తక్కిన సగము చేయును. పగలంతయు ఇసుకలో దూరి తిరిగి, రాత్రి బయటకు వచ్చును. 1850లో లండను రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ తన తొట్టెలో చేపలతోను, వాలిస్నేరియా మొక్కలతోను బాటు నత్తలను కూడ ఉంచెను. కుళ్ళిన ఆకులను అవి తినివేయుటచే నీరు నిలకడగ ఉన్నట్లు కనుగొనెను. ఆ వాలిస్నేరియా ఇసుకలో చక్కగ వేరూనును. కిరణజన్య సంయోగక్రియ ప్రయోగమునకు మన విద్యార్థులు తెచ్చు హైడ్రిల్లాకు వేరూనుటకు అడుగు కూడ అక్కరలేదు.

ఇసుక పరచిన కొలది దినములకే "కంకర ఉన్నప్పుడు శుభ్రముగ ఉండెడిది, ఇప్పుడు మురికి కనబడుచున్నది" అను ఫిర్యాదు రాగలదు. మురికి అప్పుడును అంతే ఉండెను. కంకర పరదా వేసినది, ఇసుక పరదా తీసినది. కంకర సందులలో జారి దాగిన మలినము ఇసుక మీద బయటనే నిలుచును. ఇది లోపము కాదు, సౌకర్యము. గొట్టమును ఇసుకకు అంగుళము ఎత్తున ఆడించిన మలినము మాత్రము పైకి వచ్చును, ఇసుక నిలిచిపోవును. కంకరలో గొట్టమును గుచ్చి తవ్వినట్లు ఇక్కడ గుచ్చరాదు.

అందరును మార్చవలెనని మేము చెప్పుట లేదు. నీటి నడుమను, పైననే తిరుగు గప్పీలు, మోలీలు గల ఇంటి తొట్టెకు నునుపైన కంకర చాలును. అడుగు పలక ఫిల్టరు బాగుగ నడచుచున్న చోట దానిని చెడగొట్టుట అవివేకము. మన ప్రయోగశాల తొట్టెలో ఉన్నవి వాగు చేపలు గనుక వాటికి వాగు అడుగు కావలెను. ఇసుకదొందులు పెరిగి జానెడు దాటినచో ప్రక్క చేపలను మ్రింగును. ఆ నాటికి వాటిని మూలవాగులో పట్టిన చోటనే విడిచిపెట్టుట ఉచితము.

తీసిన కంకరను పారవేయ పని లేదు. కడిగి ఆరబెట్టి, కళాశాల ఆవరణలోని పూలకుండీల అడుగున రంధ్రముల మీద వేసినచో నీరు పోవుటకు దారి ఇచ్చును. నీలిరంగు కుండీ అడుగున ఎవరి కంటను పడదు. స్పాంజి ఫిల్టరు, దోమతెర గుడ్డ, రెండు పరీక్షా ద్రావణములు, ఆరడుగుల రబ్బరు గొట్టము కావలెను; సెప్టెంబరు నెలాఖరునకు ఇవి చేతికి వచ్చినచో, ఆరు వారములు ఫిల్టరును నడిపి, నవంబరు నడుమ మొదటి భాగము కంకర తీయవచ్చును.